ఎనిమిది శుక్రవారాల గడువు

నాకు ఏదీ ఒక పట్టాన నచ్చదు. ఈ మాట గర్వంగా చెప్పుకున్న రోజులు కూడా ఉన్నాయి. దువ్వాడలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో తెలుగు చెబుతాను. అప్పుడప్పుడు పత్రికలకి కథలు రాస్తాను. ఎవరైనా తమ పుస్తకం చేతికిస్తే పది పేజీలు చదివి ముఖం అదోలా పెడతాను. ఇంట్లో కొత్త కూర వండిన రోజున నా ముఖం చూడకుండా వడ్డించి వెళ్లిపోవడం మా ఆవిడకి అలవాటైపోయింది. అలాంటి నేను ఒక పరమ చెత్త సీరియల్ని పట్టుకుని ఏడు వారాల పాటు ఎంత బాగుందో, ఎంత బాగుందో అని చెప్పాను. చెప్పింది మా బావకి. అది బాగుందని ఆయన ఒప్పుకోకపోతే చచ్చిపోతాడు. మాట వరసకి అనడం లేదు, మా మధ్య కుదిరిన ఒప్పందమే అది.

బావంటే మా అక్క మొగుడు. అక్కని మేం అప్ప అంటాం. మా వైపు మగవాళ్లు ఒకరినొకరు బావా అని పిలుచుకోవడం మామూలే కనక, నేను ఆయన్ని బావా అంటాను, ఆయన నన్ను బావా అంటాడు. ఆయన స్టీలుప్లాంటులో ఉక్కు కరిగించే షాపులో క్రేను ఆపరేటరుగా చేశాడు. రిటైరవడానికి ఇంకా మూడేళ్లు ఉందనగా కిడ్నీలు రెండూ పాడయ్యాయని తెలిసింది. ఆయన సొంతూరు ఉద్దానం వైపు. అక్కడి వాళ్లకి ఈ జబ్బు గురించి ఎవరూ చెప్పనక్కర్లేదు. వాళ్ల నాన్నా, పెద్దన్నా దాంతోనే పోయారు. డాక్టరు రిపోర్టు చదువుతుంటే మా అప్ప కొంగు నోట్లో కుక్కుకుంది గాని, బావ మాత్రం "నా వంతు వచ్చినాది" అని లేచి చెప్పులేసుకున్నాడు.

అప్పట్నుంచి వారానికి మూడు రోజులు డయాలసిస్. సోమ, బుధ, శుక్రవారాల్లో పొద్దున్న పదకొండు నుంచి మధ్యాహ్నం మూడు దాకా, గాజువాకలో ఒక ఆస్పత్రిలో. అప్ప సబ్బవరం అవతల ఒక ఊళ్లో అంగన్‌వాడీ టీచరు. రోజు విడిచి రోజు సెలవు పెడితే ఉద్యోగం నిలవదు. అందుకని ఆ మూడు రోజులూ మొదటి రెండు పీరియడ్లూ నేనే తీసుకుని, ఆ తర్వాత బావని తీసుకెళ్లేట్టు టైంటేబులు మార్పించుకున్నాను. ప్రిన్సిపాలు గొణిగాడు. గొణగనిచ్చాను.

డయాలసిస్ అంటే ఏమిటో చూసినవాళ్లకే తెలుస్తుంది. ఎడమ చేతికి రెండు లావుపాటి సూదులు గుచ్చి, ఒంట్లో రక్తమంతా యంత్రంలోకి పంపి, కడిగి తిరిగి ఎక్కిస్తారు. నాలుగు గంటలు ఆ చెయ్యి కదపకూడదు. చలి పుడుతుంది, పిక్కలు పట్టేస్తాయి. ఇంటికొచ్చాక మిగతా రోజంతా నీరసం. తాగే నీళ్లకి లెక్క, కొబ్బరినీళ్లు విషం, అరటిపండు విషం, ఎండుచేపల పేరెత్తకూడదు. సముద్రం పక్కన పుట్టి పెరిగిన మనిషికి ఎండుచేపలు లేకుండా అన్నం పెడితే అది అన్నమేనా అని మొదట్లో అప్పతో దెబ్బలాడేవాడు. తర్వాత దెబ్బలాడ్డం మానేశాడు. మంచం మీద పడుకుని ఆస్పత్రి పైకప్పు వంక చూస్తూ ఉండేవాడు. ఆ చూపు చూస్తే నాకు భయం వేసేది. ఒకరోజు ఏం చెయ్యాలో తోచక నా ఫోనులో ఒక నేర పరిశోధన సీరియల్ పెట్టి, చెవిలో పెట్టుకునేది ఒకటి ఆయనకిచ్చి, రెండోది నేను పెట్టుకున్నాను.

ఆ పాత సీరియల్ నాకు కూడా నచ్చింది. నచ్చిందని నేను అన్నానంటే ఆలోచించుకోండి. బీచిరోడ్డు పక్కన ఓ చిన్న పోలీసు స్టేషను. కడుపులో పుండున్న ఒక ఇన్‌స్పెక్టరు. ఎంత ఘోరం జరిగినా స్టీలు డబ్బాలో పెరుగన్నం తప్ప ఏదీ తినలేడు. తుపాకీ పేలదు, జీపు గాల్లో ఎగరదు. ఎవరు చంపారో సగం కథలోనే మనకి తెలిసిపోతుంది, ఎందుకు చంపారన్నదే మిగిలిన కథ. చివర నిందితుడు ఎదురుగా కూర్చున్నాక ఆయన మొదట అడిగే ప్రశ్న ఒక్కటే, భోంచేశావా అని. ఆ ప్రశ్న వచ్చేసరికి బావ కూడా ఆయనతో పాటు పెదాలు కదిపేవాడు. స్టేషనులో ఓ మూల స్టేషన్ రైటరుగా ఒక ఆడ కానిస్టేబులు ఉండేది. ఎవరేం చెప్పినా తల వంచుకుని రాసుకుపోతుంది. ఎదుటివాడు అబద్ధం చెప్పినప్పుడు మాత్రం ఒక్కసారి తల ఎత్తుతుంది.

"అదిగో, ఆ పిల్ల తలెత్తినాది సూడు. ఈడే సంపినాడు" అని బావ కుడి చేత్తో నా మణికట్టు పట్టుకునేవాడు. పదింట తొమ్మిదిసార్లు ఆయన చెప్పిందే నిజమయ్యేది.

సోమవారం రెండు భాగాలు, బుధవారం రెండు, శుక్రవారం రెండు. ఏడాదిన్నర అలా గడిచింది. "రేపు ఆ మాస్టారి కేసు తేలిపోద్ది బావా, తొరగా వచ్చీ" అని తనే ముందురోజు ఫోను చేసేవాడు. డయాలసిస్‌కి తొందరపడే మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు.

దేనికైనా చివరి భాగం ఉంటుంది కదా. ఆ ఇన్‌స్పెక్టరు ఆఖరి కేసు ముగించి, తాళాలూ టోపీ బల్ల మీద పెట్టి, పెరుగన్నం డబ్బా కడిగి తుడిచి సంచిలో వేసుకుని, ఎవరికీ చెప్పకుండా బీచిరోడ్డు మీద నడిచి వెళ్లిపోయాడు. ఖాళీ స్టేషనులో ఫోను మోగుతూనే ఉంది. అంతే, అయిపోయింది. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంత గొప్ప ముగింపు ఈ మధ్య ఏ కథలోనూ చదవలేదని చెప్పబోతుంటే, బావ చెవిలోది పీకి నా ఒళ్లో పడేశాడు.

"ఇదేటి బావా? రిలీవర్ ఏడి?"

ఆ కోపం అర్థం కావాలంటే ఆయన ఉద్యోగం గురించి చెప్పాలి. కరిగిన ఉక్కు నిండిన పెద్ద పాత్రని లాడిల్ అంటారు. బావ క్రేను దాన్ని ఎత్తి మోస్తుంది. ఎక్కడో పైన కేబినులో కూర్చుని నడపాలి. షిఫ్టు అయిపోయిందని గంట కొట్టగానే దిగిపోవడానికి లేదు. తర్వాతి షిఫ్టు మనిషి, అంటే రిలీవర్, నిచ్చెనెక్కి పైకి రావాలి. దిగేవాడు "బ్రేకు సూసుకున్నావా" అని అడగాలి. వచ్చినవాడు తన కాలితో తనే తొక్కి చూసి "సూసుకున్నాను" అనాలి. అప్పుడే మొదటివాడు సీటు వదలాలి. రిలీవర్ రాకపోతే ఇంకో ఎనిమిది గంటలు అక్కడే, డబుల్ డ్యూటీ. ఒకసారి తుపాను రోజున ఎవరూ ప్లాంటుకి రాలేక, బావ వరసగా మూడు షిఫ్టులు కిందికి దిగలేదు. బిస్కట్ పొట్లాలూ నీళ్ల సీసాలూ తాడు కట్టి పైకి లాక్కున్నాడు. అంతమంది తల మీద మరుగుతున్న ఉక్కు వేలాడుతుంటే కుర్చీ వదిలేసి వెళ్లినవాడు మనిషి కాదు అనేది ఆయన లెక్క. అలా వెళ్లిపోయిన ఆ ఇన్‌స్పెక్టరుని ఆయన క్షమించలేదు. నేను ముగింపులోని మౌనం గురించి ఏదో చెప్పబోయాను. "నీ మౌనం ఎవులిక్కావాల. ఆ ఫోను ఎవులెత్తుతారు?" అన్నాడు.

తర్వాతి సోమవారం నేను ఆటో తీసుకుని వెళ్లేసరికి లుంగీతో వరండాలో కూర్చుని ఉన్నాడు. రానన్నాడు. బుధవారమూ రానన్నాడు. బతిమాలాను, తిట్టాను, అప్ప ఏడ్చింది. గురువారం మధ్యాహ్నానికి కాళ్లు ఉబ్బిపోయి, పడుకుంటే ఊపిరి ఆడక, కూర్చుంటే మాట రాక, ఆటోలో నా భుజం మీద వాలి ఎగఊపిరి పీలుస్తూ ఆస్పత్రికి చేరాడు. ఊపిరితిత్తుల్లోకి నీరు చేరిందన్నారు. ఆ రాత్రి యంత్రం మీద పెట్టి ఎలాగో గట్టెక్కించారు.

మర్నాడు తెప్పరిల్లాక నన్ను చూసి "ఎవులు తెమ్మన్నారు?" అన్నాడు. కోపంతో కాదు, మామూలుగానే అడిగాడు.

"అలిసిపోనాను బావా. మా అన్న కూడా ఆఖరికి ఇలాగే ఆపేసినాడు. తప్పేటి లేదు. నువ్వు సదువుకున్నోడివి, నీకు అర్థమవుద్ది. మీ అప్పకి నువ్వే సెప్పాల, నన్నొగ్గేయమని."

నాకు అర్థం కాలేదు. అర్థం చేసుకోవాలనీ అనిపించలేదు. నాకు పన్నెండేళ్లప్పుడు మా నాన్న పోతే, తన పెళ్లయి ఏడాదైనా నిండని ఈ మనిషి నన్ను తన క్వార్టర్‌కి తెచ్చి చదివించాడు. నాకు వచ్చిన చదువంతా ఆయన షిఫ్టుల మీద వచ్చింది. ఆ చదువులో ఆ పూట పనికొచ్చే మాట ఒక్కటి కూడా దొరకలేదు. మునిగిపోయేవాడు గడ్డిపోచ పట్టుకున్నట్టు, నోటికొచ్చింది అనేశాను.

"ఆ సీరియల్ తర్వాతది వస్తంది బావా. ఆ రైటరు పిల్లే ఎస్సై అయిందట. అదే స్టేషను. రిలీవర్ ఎవరో తెలుస్తాది."

నిజంగానే ప్రకటన చూశాను. పాత సీరియల్లోంచి ఒక మనిషిని తీసి ఆమె చుట్టూ కొత్తది అల్లారట. బావ నావైపు తల తిప్పాడు.

"ఎన్ని భాగాలు?"

"ఎనిమిది. శుక్రవారానికి ఒకటి."

"సరే. ఆ ఎనిమిదీ సూత్తాను. పాతదాని కాలిగోటికి సరిపోయినా ఈ మెసిను కాడికి వత్తానే ఉంటాను. లేదంటే నువ్వు అడ్డం పడకూడదు. మీ అప్పకి నువ్వే సెప్పాల. సరేనా?"

సరేనన్నాను. కుక్కతోక పట్టుకుని గోదారి ఈదడమంటే ఇదేనని అప్పుడే తెలుసు. అయినా ఎనిమిది వారాలంటే ఎనిమిది వారాలు. అన్నాళ్లలో ఏదైనా జరగొచ్చు. సీరియల్ బాగుండనూ వచ్చు.

బాగోలేదు. మొదటి శుక్రవారమే తెలిసిపోయింది. రుషికొండ దగ్గర కొండ మలుపులో, నల్లకళ్లద్దాలు పెట్టుకుని మోటారు సైకిలు మీద నెమ్మదిగా, చాలా నెమ్మదిగా మన రైటరు పిల్ల వచ్చింది. ఆకాశంలోంచి ఒకసారి, నేల మీంచి ఒకసారి ఆమెనే చూపించారు. దిగి ఎనిమిది మందిని కొట్టింది. పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టుంది. నా చెవిలో ఢమఢమమని డోళ్లు. పక్కన బావ ఊపిరి తీసుకునే చప్పుడు. నేను గొంతు సవరించుకుని, "మొదలు బాగుంది కదా" అన్నాను.

బావ తల తిప్పి నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు. "నువ్వు బాగుందన్నావా? జొరమేటి నీకు?" అన్నాడు. "అమ్మ పుట్టిల్లు మేనమామకి తెల్దా బావా. నీకు నచ్చితే నీ మొకం ఎలాగుంటాదో నాకు తెలుసు."

రెండో శుక్రవారం ఆ పిల్ల చేత కూడా భోంచేశావా అని అడిగించారు. శవం పక్కన ఏడుస్తున్న మనిషిని, వెనకాల వయొలిన్ పెట్టి మరీ. బావ ముఖం చిట్లించాడు. "ఆయనకి తిండి సయించదు కాబట్టి అడిగేవోడు. ఈ అమ్మి ఎందుకడుగుతంది?" అన్నాడు. నా జీవితంలో నేను చదివిన ఏ విమర్శ వ్యాసంలోనూ అంత సూటి మాట లేదు. నేను మాత్రం వారసత్వమనీ, పాత ప్రశ్న కొత్త నోట్లోంచి రావడమనీ, ప్రతీక అనీ ఏదేదో చెప్పాను. తాడిచెట్టెందుకు ఎక్కావంటే దూడమేత కోసమన్నట్టుంది నా వాదన. నా విద్యార్థి ఎవరైనా అలా రాస్తే సున్నా వేసి ఉండేవాణ్ణి.

మూడో శుక్రవారం నన్ను ఆదుకున్నది సూదులు పెట్టే సిస్టరు. క్రైస్తవుల అమ్మాయి, మెడలో చిన్న శిలువ, నవ్వితే వార్డంతా వినిపిస్తుంది. మా తగువు విని ఆగి, "నాకైతే కొత్తదే బాగుంది సార్" అంది.

"పాతదాంట్లో ఆ అమ్మాయిని మూల కూకోబెట్టి అన్నేళ్లు రాయించుకున్నారు కదండీ. తప్పెవరిదో అందరికన్నా ముందు కనిపెట్టేది ఆ అమ్మాయే. ఒక్కసారైనా నువ్వేటంటావమ్మా అని ఆ సారు అడిగినాడా? ఇప్పుడైనా లేచి నిలబడింది. ఆ కళ్లద్దాలు నాకూ నచ్చలేదనుకోండి."

ఆ మాట నిజం. ఏడాదిన్నర పాటు కళ్లప్పగించి చూసిన నాకు ఒక్కసారీ తట్టలేదు. బావ కూడా ఆలోచనలో పడ్డాడు. "అదీ నిజమే. ఆయన ఆ పిల్లకి పని నేర్పలేదు" అన్నాడు. ఆ తర్వాతి సోమవారం గొణగకుండా వచ్చాడు, బుధవారం కూడా. ఆ ఒక్క వారం నేను కడుపునిండా తిన్నాను.

నాలుగో భాగంలో హంతకుడు కవల సోదరుడని తేలింది. ఐదో దాంట్లో ఆ కవల సోదరుడు చావలేదని తేలింది. బావ తిట్టలేదు. అదే నాకు దడ పుట్టించింది. సీరియల్ని తిడుతున్నంతసేపూ మనిషిలో ప్రాణం ఉన్నట్టు అనిపించేది. ఐదో శుక్రవారం సగంలో చెవిలోది తీసేసి, మళ్లీ పైకప్పు వంక చూడ్డం మొదలుపెట్టాడు. హంతకుడెవరో చెప్పమని నేను రెట్టించి అడిగితే, "ఎవులైతే ఏటి" అన్నాడు.

ఆ ఆదివారం వాళ్లింటికెళ్లాను. అప్ప చాలా రోజుల తర్వాత హుషారుగా కనిపించింది. నాకు టీ ఇస్తూ, "మీ బావ ఈ మద్దిన బాగుంటన్నాడ్రా" అంది. "మోటారు ఆగిపోతే ఎలా ఎయ్యాలో నేర్పినాడు. గ్యాసు బుకింగు నా ఫోనులో పెట్టినాడు. కరెంటు పోతే ఫ్యూజు ఎలా మార్చాలో నా సేతే సేయించినాడు. ఇన్నేళ్లలో ఎప్పుడూ ఇంత ఓపిగ్గా సెప్పలేదు."

టీ గ్లాసు అక్కడే పెట్టి వరండాలోకి వచ్చాను. లోపల అప్ప ఏదో పాట కూనిరాగం తీస్తోంది. వెళ్లి చెప్పేద్దామనుకున్నాను, మొత్తం ఒప్పందం సంగతి. ఎనిమిది వారాల గడువు రాసిచ్చింది నేనే కదా. ఏ ముఖం పెట్టుకుని చెప్పను?

ఆ రోజు ఇంటికొచ్చి నేనొక పని చేశాను, చెప్పుకోడానికి సిగ్గేస్తుంది. ఆ సీరియల్ కింద అభిప్రాయాలు రాసే చోట, చిన్న పిల్లవాడిలా ఒక విన్నపం రాశాను. అయ్యా, ఆ పాత ఇన్‌స్పెక్టరుని ఒక్కసారి చూపించండి, ఛార్జి అప్పగించినట్టు చూపించండి, ఒక మనిషి ప్రాణం మీదికొచ్చింది అని. ఎవరో దానికి నవ్వుతున్న బొమ్మ పెట్టారు. ఆరో శుక్రవారం, ఏడో శుక్రవారం కూడా ఆయన జాడ లేదు. ఏడోది అయ్యాక బావ నా చెయ్యి తట్టి, "పాపం, నువ్వూ శానా కష్టపడ్డావ్" అన్నాడు. ఆ జాలికి నాకు ఏడుపొచ్చింది.

ఎనిమిదో శుక్రవారం పొద్దున్నే కాలేజీ స్టాఫ్‌రూములో ఆఖరి భాగం నేనొక్కణ్ణే చూశాను. ముందే తెలుసుకుని ఏదో ఒకటి సిద్ధం చేసుకోవాలని. చివర్లో ఆ పిల్ల స్టేషనులోకి వచ్చి గోడకేసి చూస్తుంది. గోడ మీద దండ వేసిన ఫొటో, మన ఇన్‌స్పెక్టరుది. గుండెపోటుతో పోయారని ఎవరో ఒక్క ముక్క అంటారు. ఆమె ఫొటోకి సెల్యూట్ చేసి కళ్లద్దాలు పెట్టుకుంటుంది. అయిపోయింది. ఛార్జి అప్పగించడం లేదు, తీసుకోవడం లేదు. నేను రెండో పీరియడ్ ఎగ్గొట్టి బస్టాపుకి నడిచాను. బావ ఇంటికి వెళ్లే దారి పొడుగునా పెదాలు కదుపుతూనే ఉన్నాను. పక్క సీట్లో ఆవిడ జరిగి కూర్చుంది.

సూదులు పెట్టారు, యంత్రం తిరగడం మొదలైంది. బావ చెయ్యి చాపాడు.

"ఫోనులో చార్జింగు లేదు బావా. పొద్దున్నే చూసేశాను. నేను చెప్తాను" అన్నాను.

"సెప్పు" అని కళ్లు మూసుకున్నాడు.

చెప్పాను. ఆ రోజు ఇన్‌స్పెక్టరు వెళ్లిపోలేదు. బీచిరోడ్డు మీద నాలుగడుగులు వేశాక స్టేషనులో ఫోను మోగడం వినిపించింది. వెనక్కి వచ్చి ఎత్తాడు. అప్పట్నుంచీ అక్కడే ఉన్నాడు. రిటైరైపోయాడు, జీతం లేదు, అయినా కుర్చీ వదల్లేదు, ఎవరో ఒకరు రావాలి కదా అని. ఒక మధ్యాహ్నం ఆ పిల్ల ఆర్డరు కాయితం పట్టుకుని వచ్చింది. ఆయన లేవకుండానే అన్నీ ఒక్కొక్కటిగా చెప్పాడు. లాకప్పు తాళం బిగుసుకుంటుంది, కొంచెం ఎత్తి తిప్పాలి. ప్రతి మంగళవారం ఒక ముసలమ్మ తప్పిపోయిన కూతురు గురించి అడగడానికి వస్తుంది, కబురేమీ లేకపోయినా టీ ఇచ్చి పంపాలి. అన్నేళ్లూ ఆమెని మూల కూర్చోబెట్టినందుకు, నువ్వు తలెత్తినప్పుడల్లా నేను చూశానమ్మా అన్నాడు. తర్వాత ఇద్దరూ జీపు దగ్గరికి వెళ్లారు. బ్రేకు చూసుకున్నావా అని అడిగాడు. ఆమె ఎక్కి కూర్చుని, తన కాలితో తనే తొక్కి చూసి, చూసుకున్నాను సార్ అంది. అప్పుడు ఆయన పెరుగన్నం డబ్బా తీసుకుని ఇంటికి వెళ్లిపోయాడు.

యంత్రం తిరుగుతోంది. బావ మూసిన కళ్ల చివర తడి కనిపించింది. గెలిచాననుకున్నాను.

"పోలీసోల్లు బ్రేకు సూసుకుంటారేటి బావా?" అన్నాడు.

కళ్లు తెరిచి నావైపు తిరిగాడు. "నిజం సెప్పు. ఏటయినాది?"

చెప్పేశాను. ఫొటో, దండ, సెల్యూటు, కళ్లద్దాలు.

"అనుకున్నాను" అన్నాడు. మళ్లీ తనే, "నీదే బాగున్నాది" అన్నాడు. అంత పీకల్లోతు దుఃఖంలోనూ నాలోని రచయితగాడు ఒక్క క్షణం ఉబ్బిపోయాడు. ఆ సంగతి కూడా రాయాలి కాబట్టి రాస్తున్నాను.

"మరి గడువు అయిపోనాది. ఆ సీరియల్ బాగుందా బావా?"

"బాగోలేదు" అన్నాను. "పరమ చెత్త." ఎనిమిది వారాల్లో దాని గురించి నేను చెప్పిన మొదటి నిజమైన అభిప్రాయం అదే.

ఆయన తలూపి, కుడి చేత్తో నా చెయ్యి పట్టుకున్నాడు. "అయితే ఇను. మోటారూ గ్యాసూ మీ అప్పకి నేర్పేసినాను. బీపీ మాత్ర రాత్రిది మరిసిపోద్ది, నువ్వు ఫోను సెయ్యాల. మోకాలు నొప్పెట్టినా సెప్పదు, మెట్లు దిగేటప్పుడు సూడాల. ఎదురుగా ఎవులైనా తింటే తప్ప అన్నం తినదు. అందుకని రోజూ అడగాల, భోంచేశావా అని. రోజూ." ఊపిరి తీసుకున్నాడు. చెయ్యి గట్టిగా నొక్కి అడిగాడు.

"బ్రేకు సూసుకున్నావా?"

నా నుంచి ఒక్క మాట రావాలి. ఆ మాట అంటే ఆయన దిగిపోతాడు. హాయిగా దిగిపోతాడు, అది కూడా తెలుస్తోంది. దుప్పటి బయట ఎడమ చెయ్యి సూదులతో చాపి ఉంది. ఆ చేతి మీద వేలు ఆనిస్తే లోపల రక్తం జుమ్మని తిరగడం తెలుస్తుంది. నేను వేలు ఆనించాను.

"నాను రాలేదు బావా" అన్నాను.

"ఏటి?"

"రిలీవర్ రాలేదు. ఇంకా దార్లో ఉన్నాడు. బస్సే దిగలేదు. డబుల్ డ్యూటీ."

ఆయన ఒక బూతుమాట అన్నాడు, బావ మాత్రమే బావమరిదిని అనగలిగే మాట. ముఖం గోడవైపు తిప్పేసుకున్నాడు. మూడింటికి సూదులు తీసేదాకా మళ్లీ పలకలేదు. ఇంటి దగ్గర దింపినప్పుడు కూడా పలకలేదు. శని, ఆదివారాలు నేను ఫోను చేతిలోంచి పెట్టలేదు. సోమవారం పది గంటలకి ఆటో వాళ్ల సందు తిరుగుతుంటే చూడ్డానికి భయమేసి తల వంచుకున్నాను. తలెత్తేసరికి చొక్కా వేసుకుని, సంచి పట్టుకుని, వరండా మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. ఏమీ అనకుండా ఆటో ఎక్కాడు.

ఇది జరిగి ఐదు నెలలైంది. ఇప్పుడు పాత సీరియల్నే మొదటి నుంచి మళ్లీ చూస్తున్నాం. ఈసారి ఇద్దరం ఆ మూల కూర్చున్న పిల్లనే చూస్తున్నాం. శుక్రవారం సూదులు పెట్టగానే ఆయన అడుగుతాడు, "వచ్చినావా?" అని. "లేదు బావా, ఇంకా దార్లోనే ఉన్నాను" అంటాను. మొదట్లో అది మా మధ్య హాస్యంలా ఉండేది. ఈ మధ్య ఆయన బరువు తగ్గిపోయాడు. పిక్కలు పట్టేసినప్పుడు పళ్లు కొరుక్కుంటాడు గాని అరవడు. ఎప్పుడో షిఫ్టు అయిపోయిన మనిషిని, దిగనివ్వకుండా పైన కూర్చోబెట్టింది నేనే. అప్పకి ఆయన కావాలి కాబట్టి, నాకు కావాలి కాబట్టి. ఆయన నియమాన్నే ఆయనకి సంకెల వేశాను. రోజూ తెలుస్తూనే ఉంటుంది, అయినా దిగమనే ధైర్యం లేదు.

మొన్న శుక్రవారం కళ్లు తెరవకుండానే అడిగాడు.

"బావా, ఎంత దూరంలో ఉన్నావ్?"

దగ్గర్లోనే ఉన్నానని చెప్పలేకపోయాను. చాలా దూరమని కూడా చెప్పలేకపోయాను. దుప్పటి ఆయన మెడదాకా లాగి, "భోంచేశావా బావా" అని అడిగాను.